గిన్నె అడుగున మిగిలింది

మా ఇంట్లో అన్నం వండే పాత్రకు రెండు పేర్లు. నేను నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టినదాన్ని కనుక దాన్ని గంజు అంటాను. మా అత్తయ్య గుంటూరు వైపు మనిషి కనుక తపేలా అంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ నడుమ, కొత్తపేటలోని మా రెండో అంతస్తు ఇంట్లో ఆ రెండు పేర్లూ ఒకే పొయ్యి మీద ఇరవై ఏళ్లుగా సర్దుకుపోయాయి. నా బరువు సంగతి చెప్పాలంటే ఆ పాత్ర దగ్గరికే రావాలి. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యాన్ని నా తమ్ముడు మోయవలసి వచ్చింది.

వాడు డీసీఎం వ్యాన్ నడిపేవాడు. కాపురం కర్మన్‌ఘాట్‌లో. 2011 వేసవిలో వాడి రెండు కిడ్నీలూ దాదాపుగా పని మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ మొదలైంది. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే తప్ప అది ఆగదన్నారు. అమ్మకు షుగర్. వాడి భార్యది వేరే బ్లడ్ గ్రూపు. పరీక్షలన్నీ చేశాక మిగిలింది నేను.

మిగిలానే గాని సరిపోలేదు. ఆసుపత్రిలో తూకం యంత్రం మీద నిలబడితే ఎనభై రెండు కిలోలు చూపింది. నా ఎత్తుకు అది చాలా ఎక్కువ. గది మూలన కుర్చీలో కూర్చున్న తమ్ముడు ఊరుకోలేదు.

"మా అక్క దగ్గర స్టాకు బాగనే ఉన్నది మేడం. ఎంత కావాల్నో అంత తీస్కోండ్రి."

డాక్టరమ్మ నవ్వింది. ఆ తరువాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "డెబ్బై రెండు లోపుకి రండమ్మా. వచ్చాక కొన్ని నెలలు అక్కడే ఉండండి. ఆపరేషన్ కోసం తగ్గి, అయ్యాక మళ్లీ పెరిగేవాళ్లను చాలామందిని చూశాను. మీకు మిగిలేది ఒక్క కిడ్నీ. దాంతో జీవితాంతం నడవాలి. బరువు తిరిగొస్తే నాకు ఒక పేషెంటు బదులు ఇద్దరు తయారవుతారు."

కనుక తగ్గడం ఒక పని, తగ్గినచోట నిలవడం మరొక పని. వాటిలో రెండోదాని మీదే వాడి ప్రాణం ఆధారపడి ఉంది.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆడిట్ విభాగంలో పనిచేసేదాన్ని. ఏ మొత్తం ఎక్కడ తేలకపోయినా కారణం వెతకడం నా ఉద్యోగం. అదే స్వభావమూ అయిపోయింది. ప్రతి ఆదివారం ఉదయం బరువు చూసుకుని డైరీలో రాసేదాన్ని. ఏం తిన్నానో కూడా రాసేదాన్ని. నూనె తగ్గించాను, రాత్రి అన్నంలో సగానికి చపాతీ తెచ్చాను. రెండు కిలోలు తగ్గినట్టే తగ్గి ఆగస్టుకల్లా తిరిగి వచ్చాయి. రాసుకున్న భోజనానికీ ఉన్న బరువుకూ పొంతన కుదరలేదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. మా కార్యాలయానికి తాళం పడింది. బడులు మూతపడ్డాయి, కొన్నాళ్లకు బస్సులూ ఆగిపోయాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు దగ్గరలో ఉద్యోగులు వేసిన శిబిరానికి నేను రోజూ నడిచి వెళ్లేదాన్ని. రిలే నిరాహార దీక్షలో నా వంతు వచ్చిన రోజు ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏమీ తినకుండా కూర్చునేదాన్ని. మా విభాగంలోనే పనిచేసే సహోద్యోగిని ఒకామె నా పక్కన చాప మీద కూర్చుని నన్ను ఆటపట్టించేది.

"ఆంధ్రోళ్ల కోడలు దీక్షల కూసున్నదని పేపరోళ్లకు చెప్పాలె. పొద్దుగాల మీ అత్తమ్మ ఇడ్లీలు పెట్టి పంపిందా ఏంది?"

"ఇడ్లీ కాదే, పెసరట్టు."

"గందుకే మొఖం గంత నిండుగ ఉన్నది."

దీక్ష లేని రోజుల్లో వంటావార్పు ఉండేది. రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గుండీల్లో వండి, వచ్చినవారందరికీ అక్కడే వడ్డించడం ఆనాటి నిరసన పద్ధతి. దానికి కావలసిన బియ్యాన్ని కుర్రవాళ్లు ఇంటింటికీ వచ్చి పిడికెడు పిడికెడుగా సేకరించేవారు. మా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు నాకు కాస్త జంకు కలిగింది. అత్తయ్య మాత్రం దోసిలి నిండా తెచ్చి వారి సంచిలో పోసింది.

"బియ్యం ఇస్తాను నాయనా. జై కొట్టమని మాత్రం అడక్కండి."

"గంతే సాలమ్మా," అని వారు నవ్వుకుంటూ మెట్లు దిగిపోయారు.

అక్టోబరు చివరికి సమ్మె ముగిసేసరికి నేను డెబ్బై ఆరున్నర కిలోలున్నాను. నా ఆనందానికి అంతులేదు. దీక్షల వల్లా నడక వల్లా తగ్గానని నమ్మాను. ఉద్యమం నా తమ్ముడి పని కూడా చేసిపెట్టిందని సహోద్యోగినితో అన్నాను కూడా. డాక్టరమ్మ ఆ అంకె రాసుకుని, "జనవరిలో రండి, చూద్దాం" అన్నది.

సమ్మె అయిపోయినా నేను ఆ రెండింటినీ వదలలేదు. సోమవారం, గురువారం ఒక్కపొద్దులు పట్టాను. దీక్షలో నా వంతు అప్పుడప్పుడే వచ్చేది కనుక ఉపవాసం పెరిగిందే గాని తగ్గలేదు. శిబిరం దాకా నడిచినంత దూరమే రోజూ తెల్లవారుజామున సరూర్‌నగర్ చెరువు వైపు నడిచాను. జనవరిలో తూకం ఎక్కితే ఎనభైన్నర.

తమ్ముడు అప్పటికే చిక్కిపోయాడు. చేతి నరం మీద డయాలిసిస్ సూదుల మచ్చలు వరుసగా ఉండేవి. రోజంతటికీ ఒక చిన్న సీసాలో నీళ్లు కొలిచి పోసుకుని గుక్కలుగా తాగేవాడు. ఆసుపత్రి మెట్ల మీద ఆ సీసా మూత తిప్పుతూ నాతో అన్నాడు.

"ఒదిలెయ్ అక్కా. నీ ఒళ్లు నీ మాట ఇంటలేదు. పరేషాన్ గాకు."

"ఎందుకు ఇంటలేదో చూస్తా ఆగు."

"చూడు. నేను యాడికి పోత. ఈ మిషన్ ఇడిసిపెడితే గద."

వాడు మామూలుగానే అన్నాడు. కాని మెట్లు దిగుతున్నప్పుడు మొదటిసారిగా వాడు నా భుజం పట్టుకున్నాడు. డెబ్బై రెండు కిలోల దగ్గర నేను నిలవలేకపోతే ఆ చేయి నా భుజం మీద ఎంతకాలం ఉంటుందో నాకు తెలియదు.

ఆ వారమంతా కార్యాలయంలో తేలని లెక్కను చూసినట్టే నా బరువును చూశాను. నడక అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఉపవాసం ఇప్పుడే ఎక్కువ. కనుక తగ్గించినవి ఆ రెండూ కావు. సమ్మె రోజుల్లో ఉండి ఇప్పుడు లేనిది, లేదా అప్పుడు లేక ఇప్పుడు ఉన్నది మరొకటి ఏదో ఉండాలి.

దాని జాడ నేను వెతకని చోట దొరికింది. మావారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కళాశాలలో లెక్చరరు. ఒక ఆదివారం బట్టల బీరువా సర్దుతుంటే, నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేయించిన ఆయన ప్యాంట్లు మూడు కనబడ్డాయి.

"ఇవి ఎప్పుడు వదులు చేయించారు?"

"సమ్మెలో," అన్నారాయన పేపరు మీది నుంచి తల ఎత్తకుండా. "ఇంట్లో కూర్చుని మూడు కిలోలు పెరిగాను. మళ్లీ కాలేజీ మొదలయ్యాక అవే పోయాయిలే. ఇప్పుడు బెల్టు పెట్టుకుంటున్నాను."

ప్యాంట్లు మడిచి లోపల పెట్టాను. నేను తగ్గిన నెలల్లో ఆయన పెరిగారు. నేను పెరిగిన నెలల్లో ఆయన తగ్గారు. ఒకే ఇంట్లో బరువు ఒకరి నుంచి మరొకరికి మారింది. మారిందంటే ఏదో చేతులు మారి ఉండాలి.

సమ్మెకు ముందు మా రాత్రి భోజనాలు ఎలా జరిగేవో గుర్తు చేసుకున్నాను. ముందు పిల్లలిద్దరూ, అత్తయ్య. సాయంత్రపు క్లాసులు ముగించుకుని వచ్చాక ఆయన. వారందరికీ వడ్డించి చివరగా నేను. సమ్మెలో ఆయన కళాశాల మూతపడి ఇంట్లోనే ఉన్నారు. శిబిరం నుంచి కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చిన నన్ను చూసి, "పొద్దుటి నుంచి రోడ్డు మీదున్నావు, ముందు నువ్వు తినేయ్" అనేవారు. నేను పిల్లలతో కలిసి తిని లేచేదాన్ని. ఆయన తల్లితో కబుర్లాడుతూ చివరగా కూర్చునేవారు. సమ్మె ముగియగానే మళ్లీ పాత వరుసే వచ్చింది. మారిందల్లా చివరి పీట మీద కూర్చునే మనిషి.

ఆ చివరి పీటలో ఏముందో చూడాలనిపించింది. ఆ రాత్రి నా కంచంలోకి నా భోజనం పెట్టుకున్నాను. తిన్నాక అలవాటుగా గంజు వైపు చేయి పోయింది. అడుగున ఇంకా అన్నం ఉంది. పప్పు గిన్నెలో రెండు గరిటెలు, కూరలో కాస్త, పెరుగు గిన్నె అంచున మీగడ. రోజూ అవన్నీ కంచంలోకి ఊడ్చుకుని, గిన్నెలు కడిగి బోర్లించేదాన్ని. దాన్ని నేను ఏనాడూ భోజనంగా ఎంచలేదు. వంటిల్లు సర్దడంలో భాగమనుకున్నాను. అందుకే డైరీలో ఏ రోజూ రాయలేదు. అన్నం పారేయడం మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఎవరికీ చేతకాదు. రాత్రి మిగిలిన అన్నాన్ని పిల్లలకు పెట్టడం అత్తయ్యకు గిట్టదు. కనుక అది వెళ్లడానికి నా కడుపు ఒక్కటే దారి.

ఆ రాత్రి దాన్నంతా ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాను. మరునాడు కార్యాలయానికి వెళ్తూ కింద కూరగాయల దుకాణంలో తూచమన్నాను. ఒక వారం పాటు అదే పని. అంగడామె రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగేసింది.

"ఏందమ్మా, ఇంట్ల అన్నం తూకానికి అమ్ముతున్నవా?"

"కొనేటోళ్లు ఉన్నరా?"

"నీ పప్పు వాసన సూస్తే ఉన్నట్టే ఉన్నరు. గా డబ్బా ఇటియ్యి, మా బర్రెకన్న పెడత."

వారం తరువాత తేలింది ఇది. ఏ రోజు చూసినా డబ్బాలో ఉన్నది నా కంచంలో పెట్టుకున్నదానికి కాస్త అటూ ఇటూ. నేను రోజూ రెండు భోజనాలు చేస్తున్నాను. ఒకటి నాది. రెండోది ఎవరిదో అర్థం కాలేదు. ఐదుగురు కడుపు నిండా తిన్నాక మరో మనిషికి సరిపడా అన్నం ప్రతి రాత్రీ ఎందుకు మిగలాలి?

ఆ ప్రశ్నతో అత్తయ్య బియ్యం కొలుస్తున్నప్పుడు పక్కన నిలబడ్డాను. సోలతో కొలిచి గిన్నెలో పోసింది. ఆ తరువాత సోల పక్కన పెట్టి, సంచిలో చేయి పెట్టి పిడికెడు తీసి వేసింది. ఒక క్షణం ఆగి మరో పిడికెడు.

"అది ఎవరికి అత్తయ్యా?"

"ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారు?"

"వచ్చేవాళ్లు చెప్పి వస్తారా అమ్మాయ్? మా ఊళ్లో ఏ రాత్రి ఏ బండి దిగేదో. మా అత్తగారు నాకు తపేలా అప్పజెప్పినప్పుడు చెప్పిన మాట అదొక్కటే. వచ్చినవాడి ముందు గరిటె అడుగున గీకిన చప్పుడు వినబడకూడదని."

గదిలోకి వెళ్లి పాత డైరీలు తిరగేశాను. గడిచిన రెండేళ్లలో చెప్పకుండా రాత్రి భోజనం వేళకు వచ్చినవారు ఇద్దరు. అందులో ఒకరు తినే వచ్చామని మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. మిగతా రాత్రులన్నీ రాని ఆ చుట్టం కోసం వండిన అన్నాన్ని నేను తింటూ వచ్చాను. ఇద్దరం చేసింది మర్యాదే. ఆమె మర్యాద వండేది, నా మర్యాద ఊడ్చేది. ఆ రెండూ కలిసి నన్ను నా తమ్ముడికి పనికిరానిదాన్ని చేస్తున్నాయి.

ఇది అత్తయ్యతో చెప్పడం సులువు కాదు. నా కొలతలో తప్పు పడుతున్నావా అని ఆమె అనుకుంటే ఆ నొప్పి ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటుంది. రెండు రోజులు మాటలు కూడగట్టుకుని, చివరికి మాటలకు బదులు ఆ రాత్రి డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇది నేను నా అన్నం తిన్నాక రోజూ తింటున్నది."

ఆమె డబ్బాను దగ్గరికి లాక్కుని చూసింది. "నేను నీకు పెట్టలేదే ఇది."

"మీరు పెట్టలేదు. నేను వదల్లేదు."

"మరి పారేయమంటావా?"

"పారేయొద్దు. వండొద్దు."

"రేపు మీ తమ్ముడే వస్తాడు అనుకో. ఖాళీ తపేలా చూపిస్తావా?"

నేను డబ్బాకు మూత పెట్టాను. ఆమె లేచి పడుకోవడానికి వెళ్లిపోయింది. నొచ్చుకుందనే అనుకున్నాను. మరునాటి సాయంత్రం ఎప్పటిలాగే సోలతో కొలిచింది. ఎప్పటిలాగే సంచిలో చేయి పెట్టి పిడికెడు తీసింది. కాని దాన్ని గిన్నెలో వేయలేదు. అటక మీది నుంచి దింపి తుడిచి పెట్టుకున్న పాత డాల్డా డబ్బాలో వేసి మూత నొక్కింది.

"వస్తే అప్పటికప్పుడు వండుతాను. ఉడికేదాకా మీరు కబుర్లు చెప్పండి," అన్నది నా వైపు చూడకుండా.

ఆ డబ్బా నిండినప్పుడల్లా బియ్యం మళ్లీ సంచిలోకి పోసి కొత్తగా మొదలుపెట్టేది. పెద్ద గంజు అటకెక్కింది, చిన్నది దిగింది. నేను అత్తయ్య పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాను. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకుని ఎవరికి వారు వడ్డించుకునే పద్ధతి వచ్చింది. తొలిరోజుల్లో ఆమెకు అది హోటల్లా అనిపించింది. కోడలు నిలబడి అడుగుతుంటే తప్ప తనకు మజ్జిగ దిగదనేది. కొన్నాళ్లకు నా కంచంలో తొక్కు మీద వ్యాఖ్యానం చేయడానికి ఈ ఏర్పాటే అనువుగా ఉందని గ్రహించింది.

ఒక్కపొద్దులు మానేశాను. నడక మాత్రం ఉంచుకున్నాను, అది నాకు ఇష్టం కనుక. బరువు ఏ వారమూ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, కాని ఏ నెలా పెరగలేదు. 2012 ఆగస్టులో డెబ్బై ఒకటిన్నర. డాక్టరమ్మ ఎప్పటిలాగే రాసుకుని తరువాత రమ్మంది. అక్టోబరులో అదే. డిసెంబరులో మరో అర కిలో తక్కువ. ఆ మధ్యలో ఒకసారి నేనే అడిగాను.

"సమ్మెలో తగ్గింది నిలవలేదు. ఇది ఎందుకు నిలుస్తోందంటారు?"

"మీరే చెప్పండి, ఆడిట్ చేసేది మీరు కదా."

"అప్పుడు నేను కొన్నాళ్లు వేరే మనిషిలా బతికాను. ఇప్పుడు నేను నేనుగానే ఉన్నాను. వంట మారింది."

ఆమె ఒప్పుకున్నట్టు తల ఊపింది గాని, అంతా అదేనని అనలేదు. అంతా అదేనని నేనూ అనను. ఒంటిలో నాకు తెలియని లెక్కలు చాలా ఉండవచ్చు. నాకు తేలినది ఇది.

2013 మార్చిలో ఆపరేషన్ జరిగింది. మెలకువ వచ్చాక నేను అడిగిన మొదటి సంగతి వాడికి మూత్రం వస్తోందా అని. వస్తోందన్నారు. మూడో రోజు వాడు నర్సు చేత కబురు పంపాడు. "మా అక్కకు చెప్పుండ్రి, నేను ఒక గిలాసెడు నీళ్లు కొలువకుండ తాగిన అని." పడక మీద నవ్వితే కుట్లు లాగాయి.

ఆ జూలై చివరలో, ప్రత్యేక రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన ఢిల్లీ నుంచి వెలువడిన సాయంత్రం, ఎల్‌బీ నగర్ చౌరస్తా మొత్తం రంగులతో డప్పులతో నిండిపోయింది. తమ్ముడు అప్పటికి బండి నడపడం మాని ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చుంటున్నాడు. కర్మన్‌ఘాట్ వైపు దారి మూసుకుపోవడంతో, జనంలో ఉండకూడదన్న డాక్టరు మాట గుర్తొచ్చి, సందుల్లోంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ముఖానికి మాస్కు, చొక్కా భుజం మీద ఎవరో చల్లిన గులాల్. మేమంతా అప్పుడే తిని లేచాము. చిన్న గంజు కడిగి బోర్లించి ఉంది.

అత్తయ్య వాడిని గుమ్మంలోనే చూసింది. "రాష్ట్రం వచ్చిందటగా బాబూ. చేతులు కడుక్కో, అన్నం తిని వెళ్దువుగాని."

"వద్దత్తమ్మా, ఇంటికి పోయి తింట. మీరు తిన్నట్టున్నరు."

"ఏడాదిన్నర నుంచి నీ కోసమే డబ్బాలో వేస్తున్నాను. కూర్చో."

వాడు అర్థం కాక నా వైపు చూశాడు. ఆమె డాల్డా డబ్బా దింపి, సోల ముట్టకుండా పిడికిళ్లతోనే బియ్యం తీసి కడిగింది. ఉడికేదాకా మేము కబుర్లు చెప్పుకున్నాము. వేడి అన్నం, చింతకాయ తొక్కు, రెండు గుడ్ల అట్టు. నేను వాడి ఎదురుగా కూర్చున్నాను. నా చేతిలో కంచం లేకుండా, మరొకరు తినడం చూస్తూ కూర్చోవడం నాకు అప్పటికి అలవాటైంది.

వాడు తిన్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. గంజు అడుగున ఇంకా రెండు ముద్దలు మిగిలాయి. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, నా చేయి దాని వైపు కదిలింది. వాడు గంజును తన వైపు లాక్కున్నాడు.

"ఇది నాది అక్కా. నీ వంతు నువ్వు ఇచ్చినవు గద."

గరిటె అడుగున గీకిన చప్పుడు వినబడింది. అత్తయ్య విననట్టు పెరుగు తీసుకురావడానికి లేచింది.